సొంతంగా చేసిన ఎలక్ట్రోఫోరెసిస్ పెట్టె: మేక మెదడు ముక్కలు అంచుల్లో గోధుమరంగు, నడుమ తెలుపు

యలహంక_కణజాలం (ఆదివారం ఉదయం)

అందరికీ నమస్కారం. బెంగళూరులోని ఒక కళాశాల జీవశాస్త్ర విభాగంలో పనిచేస్తున్నాను. 2013లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని కార్ల్ డైసెరాత్ ప్రయోగశాల ప్రకటించిన క్లారిటీ పద్ధతిని, అంటే కణజాలంలోని ప్రొటీన్లను జెల్ వలలో పట్టి ఉంచి, కొవ్వును మాత్రం డిటర్జెంటుతోనూ విద్యుత్ క్షేత్రంతోనూ బయటికి రప్పించి ముక్కను పారదర్శకం చేసే పద్ధతిని, పీజీ విద్యార్థులకు చేసి చూపించాలన్నది మా ఉద్దేశం. బజారులో దొరికే సిద్ధ పరికరాలు మా విభాగం అందుకోగలిగిన ధరలో లేవు కనుక పెట్టెను మేమే తయారు చేసుకున్నాము.

నమూనా రస్సెల్ మార్కెట్లో తెల్లవారుజామున కొన్న మేక మెదడు. ప్రయోగం కోసం జంతువును చంపే అవసరం లేకుండా ఈ దారి ఎంచుకున్నాము. 2 మిల్లీమీటర్ల మందంతో కోసిన ముక్కలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, 4 శాతం అక్రిలమైడ్, 0.05 శాతం బిస్‌అక్రిలమైడ్, 0.25 శాతం వీఏ-044 (జెల్ కట్టడాన్ని ప్రారంభించే రసాయనం) ఉన్న ద్రావణంలో ఫ్రిజ్‌లో నానబెట్టి, తరువాత 37 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి జెల్ కట్టించాము. బఫర్‌లో 200 మిల్లీమోలార్ బోరిక్ ఆమ్లం, 4 శాతం ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే డిటర్జెంటు) ఉన్నాయి, పీహెచ్ 8.5కు సరిచేశాము. పెట్టె అక్రిలిక్‌ది, లోపలి పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు 10, ద్రవం లోతు 6. రెండు చివర్లలో స్టెయిన్‌లెస్ స్టీలు జాలీలు ఎలక్ట్రోడ్లుగా ఉన్నాయి, ముక్కలు మధ్యలో ప్లాస్టిక్ బుట్టలో ఉంటాయి, ఎస్పీ రోడ్డులో కొన్న 30 వోల్టుల డీసీ సప్లై కరెంటు ఇస్తుంది. ఒక చిన్న అక్వేరియం పంపు ద్రవాన్ని కలుపుతుంది.

సమస్యలు ఇవి. 30 వోల్టుల దగ్గర మొదట 0.7 ఆంపియర్లు ఉన్న కరెంటు రెండు గంటల్లో 1.1కు చేరుతోంది, ఉష్ణోగ్రత 27 నుంచి 46 డిగ్రీలకు పోతోంది. ఆనోడు వైపు పీహెచ్ 7 దగ్గర, కాథోడు వైపు 9కి పైన చూపుతోంది. ముక్కల అంచులు గోధుమరంగుకు తిరుగుతున్నాయి, నడిభాగం మాత్రం తెల్లగానే ఉండిపోతోంది. నురుగు పెట్టె అంచు దాటి బల్ల మీదికి వస్తోంది. వోల్టేజీ పెంచితే నడిభాగం కూడా తేరుకుంటుందేమోనని 60 వోల్టుల సప్లై కొనాలని ఆలోచిస్తున్నాము. పెద్దలు సలహా ఇవ్వగలరు.

పీణ్యా_లేత్ (ఆదివారం మధ్యాహ్నం)

ఆ 60 వోల్టుల సప్లై దయచేసి కొనవద్దండీ. వోల్టులు సరిపోకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. కణజాలానికి తెలిసేది సప్లై మీద కనబడే అంకె కాదు, సెంటీమీటరుకు ఎన్ని వోల్టులు పడుతున్నాయన్నదే. మీ పెట్టెలో 30 వోల్టులు 18 సెంటీమీటర్ల మీద పరుచుకుంటున్నాయి కనుక సెంటీమీటరుకు దక్కేది 1.7 వోల్టుల కన్నా తక్కువ. పైగా 60 చదరపు సెంటీమీటర్ల అడ్డుకోతలో మీ ముక్క ఆక్రమించేది చాలా కొద్ది చోటు. కాలువలో రాయి వేస్తే నీరు రాయి చుట్టూ పోయినట్లు, కరెంటు కూడా జెల్ ముక్కను వదిలి పక్కనున్న ఖాళీ బఫర్‌లోంచి పోతుంది. మీరు కట్టే కరెంటులో అధిక భాగం బఫర్‌ను కాచడానికే ఖర్చవుతోంది.

పెట్టెను పెద్దది చేయకుండా నమూనా దగ్గర దారిని ఇరుకు చేయండి. ఎలక్ట్రోడ్ల మధ్య 5 సెంటీమీటర్ల దూరం, 4 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల లోతు ఉన్న చిన్న గది చాలు. మీరిచ్చిన అంకెలను బట్టి మీ బఫర్ వాహకత సెంటీమీటరుకు 7 మిల్లీసీమెన్స్ దరిదాపుల్లో ఉంది. ఆ లెక్కన కొత్త గది నిరోధం కూడా పాతదానిలాగే 45 ఓములకు అటూ ఇటూగా వస్తుంది, అంటే అదే సప్లై, దాదాపు అదే కరెంటు, కాని క్షేత్రం సెంటీమీటరుకు 6 వోల్టులు. ఒక్క రూపాయి సప్లై మీద పెట్టకుండా మూడున్నర రెట్లు వచ్చినట్లు.

దీనికి ఒక ప్రమాదం తోడుగా వస్తుంది. ఆ గదిలో పట్టే ద్రవం 80 మిల్లీలీటర్లే. 20 వాట్ల వేడి అందులో నిలిచిపోతే నిమిషానికి మూడు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అదే నిమిషానికి ఒక లీటరు చొప్పున బయటి తొట్టి నుంచి ద్రవం తిరుగుతూ ఉంటే గది ఒక కొస నుంచి మరో కొసకు వచ్చే పెరుగుదల మూడో వంతు డిగ్రీ కూడా ఉండదు. కాబట్టి పంపును పెట్టెలో పడేసి కలిపే పద్ధతి మానుకోవాలి. బయట రెండు లీటర్ల తొట్టి, దానిలో చల్లబరిచే గొట్టం, అక్కడి నుంచి గదిలోకి పంపు, గది నుంచి మళ్లీ తొట్టిలోకి దారి ఉండాలి. మోటారు భాగం ద్రవానికి తగలని అయస్కాంత చోదక పంపు తీసుకోండి.

కరెంటు తనంతట తానే పెరగడానికి కారణం కూడా వేడే. ఒక డిగ్రీకి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. వోల్టేజీ స్థిరంగా పెట్టినప్పుడు వేడెక్కితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. మీ సప్లైలో స్థిర కరెంటు గుండీ ఉంటుంది, దానిని 0.8 దగ్గర పెట్టి వదిలేయండి, అప్పుడు వేడెక్కినకొద్దీ వోల్టేజీయే తగ్గుతుంది.

క్షారమిత్ర (ఆదివారం సాయంత్రం)

పీణ్యా వారు చెప్పిన దారి సరైనది. పీహెచ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది దీనిని బఫర్ పాతబడటంగా భావించి లీటర్ల కొద్దీ ఎస్‌డీఎస్ పారబోస్తుంటారు.

ఆనోడు దగ్గర నీరు విచ్ఛిన్నమై ఆక్సిజనూ హైడ్రోజన్ అయాన్లూ పుడతాయి. కాథోడు దగ్గర హైడ్రోజన్ వాయువూ హైడ్రాక్సైడ్ అయాన్లూ పుడతాయి. రెండు వైపులా పుట్టే ఆమ్లం, క్షారం మోళ్ల లెక్కన సమానం. 0.8 ఆంపియర్లు గంటసేపు పారితే ఒక్కో వైపు సుమారు 30 మిల్లీమోళ్లు పుడతాయి. ఇక బోరిక్ ఆమ్లపు పీకేఏ, అంటే అందులో సగం బోరేటుగా మారే పీహెచ్, 9.24. అంటే 8.5 దగ్గర మీరు వేసిన 200 మిల్లీమోలార్లలో ఆరో వంతుకు తక్కువే బోరేటు రూపంలో ఉండి ఆమ్లాన్ని పీల్చుకోగలదు. 8.5 నుంచి 7.5కు పడిపోయేలోగా ఒక లీటరు బఫర్ భరించగలిగేది 27 మిల్లీమోళ్లకు మించదు. కనుక రెండు వైపుల ద్రవం కలవకపోతే గంటలోనే ఆనోడు వైపు బఫర్ చేతులెత్తేస్తుంది. బాగా కలిస్తే ఆమ్లమూ క్షారమూ ఒకదానినొకటి మట్టుబెట్టి పీహెచ్ చాలాసేపు నిలుస్తుంది. రెండు చివరల్లో 7, 9 అని వేర్వేరుగా చూపుతున్నదంటే మీ పంపు కలపడం లేదని అర్థం. కాగితపు పట్టీలు కాకుండా మీటరు వాడి, తొట్టిలో ఒకచోట, గది నుంచి వచ్చే గొట్టం దగ్గర ఒకచోట చూడండి. తొట్టిలోనే 7.5 కన్నా తగ్గినప్పుడు మార్చితే సరిపోతుంది.

పీహెచ్ సరిచేయడానికి ఏ క్షారం వాడారో మీరు రాయలేదు. కళాశాల బీరువాలో పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా ఉంటే దానిని ముట్టవద్దు. పొటాషియం డోడెసిల్ సల్ఫేటు నీటిలో దాదాపు కరగదు, తెల్లని మడ్డిగా పడిపోతుంది. సోడియం హైడ్రాక్సైడే వాడాలి. అలాగే బోరుబావి నీటితో బఫర్ కలపకూడదు. బెంగళూరు బోరు నీటిలోని కాల్షియం కూడా ఎస్‌డీఎస్‌ను మడ్డిగా మారుస్తుంది. ఏసీ గదిలో రాత్రంతా పెట్టిన 20 శాతం ఎస్‌డీఎస్ నిల్వ ద్రావణం గడ్డకడితే మాత్రం కంగారు పడనక్కరలేదు, గోరువెచ్చని నీటిలో పెడితే మళ్లీ కరుగుతుంది. పొడి తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆ పొడి ముక్కులోకి పోతే చాలాసేపు బాధపెడుతుంది.

యలహంక_కణజాలం (ఆదివారం రాత్రి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాడినది సోడియం హైడ్రాక్సైడే, నీరు అయాన్లు తీసేసినదే. గది కొలతలు రేపు కోతకు ఇస్తాను. కాని గోధుమరంగు విషయం ఎవరూ ప్రస్తావించలేదు. అది వేడి వల్లనేనా? స్టీలు జాలీ వల్లనా? ఆనోడు వైపు జాలీ మీద పసుపు గోధుమరంగు పూత పేరుకుంటోంది.

కాంతిపథం (సోమవారం ఉదయం)

సూక్ష్మదర్శినుల మీద పనిచేసేవాడిని కనుక గోధుమరంగు నా పాలిట పాత శత్రువు. ఇది ఒకే జబ్బు కాదు, చూడటానికి ఒకేలా కనిపించే మూడు నాలుగు జబ్బులు. ఎక్కడ మొదలైందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది.

కరెంటు పెట్టకముందే రక్తనాళాల వెంట, మెదడు ముడతల లోపల గోధుమ ఎరుపు చారలు కనబడితే అది రక్తానికి ఎరుపునిచ్చే హీము. ప్రయోగశాలల్లో జంతువు గుండె ద్వారా ద్రావణాన్ని పంపి రక్తాన్నంతా కడిగేస్తారు. మార్కెట్లో కొన్న మెదడులో రక్తం అలాగే ఉంటుంది. కొవ్వును తీసే ఎస్‌డీఎస్ హీమును అంతగా కదిలించదు. జపాన్ బృందం 2014లో ప్రకటించిన క్యూబిక్ పద్ధతిలోని అమైనో ఆల్కహాలు హీమును బయటికి తీస్తుందని వారే చూపించారు, కావాలంటే ఒక ముక్క మీద ప్రయత్నించవచ్చు. విద్యార్థులకు చూపించడానికైతే ఆ చారలు ఉన్నా నష్టం లేదు, రక్తనాళాల దారి కనబడటం ఒక రకంగా అందమే.

ముక్క అంతటా సమంగా, రోజురోజుకూ చిక్కబడే పసుపు గోధుమరంగు అయితే అది వేడిది. ఉష్ణోగ్రతా వోల్టేజీ పెరిగినకొద్దీ త్వరగా వస్తుంది. 37 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచితే చాలావరకు రాదు. ఎక్కువ వేడిలో ప్రతిదీప్తి ప్రొటీన్ల వెలుగు కూడా తగ్గుతుంది, అయితే మీ మేక మెదడులో అవి లేవు కనుక ఆ చింత మీకు లేదు.

మీరు చెప్పినట్లు అంచుల్లో, అందులోనూ ఆనోడుకు ఎదురుగా ఉన్న ముఖం మీద ముందుగా వస్తే స్టీలునే అనుమానించాలి. ఆనోడుగా పెట్టిన స్టీలు కరిగి ఇనుము, క్రోమియం, నికెల్ ద్రవంలోకి వస్తాయి. ఆ జాలీ మీది పూత అదే. ఆనోడు దగ్గర క్రోమియం విషపూరితమైన ఆరు వేలెన్సీ రూపంలోకి వెళ్లగలదు, కనుక ఇది రంగు ఒక్కదాని సమస్య కాదు, ఆరోగ్య సమస్య కూడా. ఇప్పటిదాకా వాడిన బఫర్‌ను సింకులో పోయకండి, డబ్బాలో పెట్టి చీటీ అంటించండి. గ్రాఫైటు కడ్డీలు పెడదామని ఎవరైనా అంటారేమో, వాటి నుంచి రాలే నల్లని పొడి ముక్క మీద కూర్చుని లేజరు కాంతికి అడ్డు వస్తుంది. ఆనోడుకు ప్లాటినమే కావాలి.

పీణ్యా_లేత్ (సోమవారం మధ్యాహ్నం)

ప్లాటినం అనగానే భయపడకండి. నగలకు రోడియం పూత వేసేవారు ఆనోడుగా వాడేది ప్లాటినం పూత ఉన్న టైటానియం జాలీయే. బెంగళూరులో నగర్త్‌పేట, అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల పూత పనివారికి సామాను అమ్మే దుకాణాల్లో అడగండి, చిన్న ముక్క కోసి ఇస్తారు. 4 సెంటీమీటర్ల చతురస్రం మీకు చాలు. స్వచ్ఛమైన ప్లాటినం తీగ కన్నా ఇది చాలా చవక, ఉపరితలం కూడా ఎక్కువ. టైటానియం ఒక్కటే, పూత లేకుండా, ఆనోడుగా పనికిరాదు. దాని మీద ఆక్సైడు పొర పెరిగి కరెంటు దాదాపు ఆగిపోతుంది.

కాథోడుకు మాత్రం మీ స్టీలు జాలీ ఉండవచ్చు. కరెంటు పారినంతసేపూ కాథోడులోని లోహం కరగదు. ఒకే షరతు ఏమిటంటే ధ్రువాలు తారుమారు చేయకూడదు. గంటకోసారి దిశ మార్చితే ముక్క రెండు వైపులా సమంగా శుభ్రపడుతుందని చెప్పేవారున్నారు, ఆ పని చేయాలంటే రెండు వైపులా ప్లాటినమే ఉండాలి. అంతకన్నా సులువు, పగటిపూట ఒకటి రెండుసార్లు కరెంటు ఆపి బుట్టను తిప్పి పెట్టడం.

గదిని అతికించేటప్పుడు క్లోరోఫారం జిగురుతో ఆపేయకండి. మూత వైపు సిలికాన్ గాస్కెట్, నైలాన్ మరలు వాడండి. లోపల ద్రవానికి తగిలే చోట ఒక్క ఇనుప మర కూడా ఉండకూడదు, క్షేత్రంలో ఉన్న ప్రతి లోహపు ముక్కా ఒక కొసన ఆనోడుగా మారుతుంది. అక్రిలిక్‌ను ఆల్కహాలుతో తుడవవద్దు, కోత అంచుల్లో సన్నని పగుళ్లు వస్తాయి. నురుగు సంగతికి వస్తే, తొట్టిలోకి తిరిగివచ్చే గొట్టం కొస ద్రవం మట్టానికి కింద మునిగి ఉండాలి. పైనుంచి పడితే నురుగు ఆగదు. నురుగు నిరోధకాలు పోయకండి, సిలికాన్ ముక్కకు అంటుకుంటుంది.

ఎలక్ట్రోడ్లను నిలువుగా, గది పైభాగం తెరిచి ఉండేలా పెట్టండి. బుడగలు పైకి పోవాలి. ఎలక్ట్రోడుకూ ముక్కకూ మధ్య సన్నని నైలాన్ తెర పెడితే బుడగలు వచ్చి ముక్కకు అంటుకోవు. బుడగ అంటుకున్న చోట కరెంటు పోదు, అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది.

నెమ్మదే_నయం (సోమవారం రాత్రి)

ఇంత హంగామా చూశాక అడగక తప్పడం లేదు. 2 మిల్లీమీటర్ల ముక్కకు కరెంటు ఎందుకు? 2014లో కాల్‌టెక్‌లోని వివియానా గ్రాడినారు బృందం పాక్ట్ అనే పద్ధతిని ప్రకటించింది. జెల్‌లో బిస్‌అక్రిలమైడ్ వేయకుండా, ఫిక్సేషన్ (ఫార్మాల్డిహైడ్‌తో కణజాలాన్ని బిగించడం) ముందే ముగించి 4 శాతం అక్రిలమైడ్‌తో మాత్రమే జెల్ కట్టించి, 8 శాతం ఎస్‌డీఎస్‌లో 37 డిగ్రీల దగ్గర మెల్లగా ఊపుతూ వదిలేస్తే సన్నని ముక్కలు కొద్ది రోజుల్లో తేరుకుంటాయి. పంపు లేదు, వేడి లేదు, పీహెచ్ గొడవ లేదు, ప్లాటినం అసలే లేదు. కావలసింది ఒక ఇంక్యుబేటరు, రోజుకోసారి బఫర్ మార్చే ఓపిక. క్షేత్రం అవసరమయ్యేది మొత్తం అవయవాలకే. ఆ మొత్తం అవయవాలకు కూడా ఇలాంటి స్థిర క్షేత్రం మంచిది కాదనే కదా 2015లో ఎంఐటీలోని క్వాంగ్‌హన్ చుంగ్ బృందం తిరుగుతూ దిశ మారే క్షేత్రాన్ని రూపొందించింది.

క్షారమిత్ర (సోమవారం రాత్రి)

మీ మాటలో నిజం ఉంది, అయితే ఇక్కడ ప్రయోజనం వేరు. విద్యార్థులు పాఠ్యపుస్తకంలో చదువుకునే విద్యుద్విశ్లేషణ, బఫర్ సామర్థ్యం, ఓమ్ నియమం, మైసెల్‌లు (కొవ్వును లోపల పట్టుకునే డిటర్జెంటు అణువుల గుంపులు) అన్నీ ఒకే పెట్టెలో కనబడే అవకాశం ఇది. ఇంక్యుబేటరులో ఊగే సీసా ఆ సంగతులేవీ చెప్పదు. వారు పరిశోధన పత్రం రాయాలనుకుంటే మీ దారే మేలు.

నెమ్మదే_నయం (సోమవారం రాత్రి)

అంగీకరిస్తాను. కాని ఒక ముక్కను కరెంటు లేకుండా పక్కన పెట్టండి, అదే బఫర్‌లో, అదే ఉష్ణోగ్రతలో. అది లేకపోతే పారదర్శకత కరెంటు వల్ల వచ్చిందో, 40 డిగ్రీల ఎస్‌డీఎస్ వల్ల వచ్చిందో మీకెలా తెలుస్తుంది? సొంత పెట్టెలు చేసేవారు ఎక్కువగా వదిలేసేది ఈ పోలికనే.

మల్లేశ్వరం_ఎమ్మెస్సీ (మంగళవారం ఉదయం)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి సార్. మా కళాశాలలో వీఏ-044 లేదు, అమోనియం పర్‌సల్ఫేట్, టెమెడ్ ఉన్నాయి. ప్రొటీన్ జెల్‌లకు వాడేవే. వాటితో ఈ జెల్ కట్టించవచ్చా? ఒకసారి చేసి చూస్తే ముక్క బయట జెల్ గట్టిగా, ముక్క లోపల మెత్తగా ఉంది.

క్షారమిత్ర (మంగళవారం ఉదయం)

టెమెడ్ వేస్తే గది ఉష్ణోగ్రతలోనే నిమిషాల్లో జెల్ కడుతుందమ్మా, మోనోమరు, అంటే ఇంకా జెల్‌గా మారని అక్రిలమైడ్, ముక్క నడిభాగానికి చేరేదాకా ఆగదు. వీఏ-044 గొప్పతనం చలిలో నిద్రపోయి వేడిలో లేవడమే. 44 డిగ్రీల దగ్గర దాని అర్ధజీవితకాలం పది గంటలు, ఆ పేరులోని అంకె అదే. ఫ్రిజ్‌లో రోజుల తరబడి నానినా ఏమీ కాదు, 37 డిగ్రీలకు తెచ్చాకే మెల్లగా రాడికల్‌లు విడుదలై లోపలా బయటా సమంగా జెల్ కడుతుంది. మీ దగ్గర అది లేకపోతే సన్నని ముక్కలను పర్‌సల్ఫేటూ టెమెడూ లేని అక్రిలమైడ్ ద్రావణంలో చలిలో బాగా నాననిచ్చి, చివర్లో చల్లగా ఉన్న తాజా ద్రావణంలోకి పర్‌సల్ఫేటును మాత్రమే వేసి మరికొంతసేపు ఉంచి, ఆ తరువాత వెచ్చబరచండి. 1 మిల్లీమీటరు మందానికి మించి ఆశ పెట్టుకోవద్దు.

ఏ ఆరంభకం వాడినా ఆక్సిజన్ ఉంటే జెల్ సరిగా కట్టదు. గొట్టాన్ని మూతదాకా నింపి, ద్రావణంలోని గాలిని వాక్యూమ్ పంపుతో తీసేసి, పైన వంటనూనె పొర పోయండి. నత్రజని సిలిండరు లేని చోట్ల ఈ నూనె పొర బాగా పనిచేస్తుంది. అక్రిలమైడ్ మోనోమరు నరాలకు విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు. మిగిలిపోయిన ద్రావణాన్ని పారబోసే ముందు జెల్‌గా గట్టిపరచండి.

యలహంక_కణజాలం (శుక్రవారం సాయంత్రం)

కొత్త గది సిద్ధమైంది. ఆనోడుకు ప్లాటినం పూత జాలీ దొరికింది, కాథోడు పాత స్టీలే. తొట్టిలో రాగి గొట్టం పెట్టి పంపు నీటిని తిప్పుదామనుకుంటే సహోద్యోగి ఒకరు రాగి వద్దన్నారు కనుక గాజు గొట్టం చుట్ట వాడాను. స్థిర కరెంటు 0.8 దగ్గర పెడితే ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటడం లేదు, తొట్టిలో పీహెచ్ 8.3 దగ్గర నిలిచింది. ఒక ముక్కను కరెంటు లేకుండా అదే తొట్టిలో పెట్టాను.

రెండు సందేహాలు మిగిలాయి. సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు సప్లై తనంతట తానే మొదలైంది కాని పంపులో గాలి చిక్కుకుని ద్రవం కదలలేదు. అదృష్టవశాత్తు నేను అక్కడే ఉన్నాను. రాత్రిపూట దీనిని ఎలా వదిలిపెట్టాలి? రెండవది, పెట్టెను ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరులను బయటికి లాగే అరలో) పెట్టడం తప్పనిసరా?

పీణ్యా_లేత్ (శుక్రవారం రాత్రి)

రాత్రిపూట వదలాలంటే రెండు కాపలాలు కావాలి. ఒకటి, కరెంటు పోతే మళ్లీ చేత్తో గుండీ నొక్కేదాకా సప్లై మొదలుకాకుండా చూసే కాంటాక్టరు. మా వర్క్‌షాపులో ప్రతి యంత్రానికీ ఉంటుంది, స్టార్టు గుండీ, స్టాపు గుండీ ఉన్న మామూలు డీఓఎల్ స్టార్టరు చాలు. రెండవది, గది గోడకు ఆనించి 45 డిగ్రీల కేఎస్‌డీ 301 థర్మోస్టాటు. దానిని స్టార్టరు కాయిల్ తీగలో వరుసగా కలపండి. వేడెక్కి ఒకసారి తెగితే కాంటాక్టరు పడిపోతుంది, చల్లబడినా తనంతట తాను లేవదు. థర్మోస్టాటును నేరుగా సప్లై తీగలో పెడితే చల్లబడగానే మళ్లీ కలుస్తుంది, అది మీకు వద్దు. మొత్తం లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు భూమికి లీకైతే లైను తెంచే స్విచ్) ఉండాలి. మూత తీసేముందు కరెంటు ఆపాలన్న నియమాన్ని గోడ మీద రాయడం కన్నా మూతకే ఒక మైక్రో స్విచ్ పెట్టడం మంచిది. 30 వోల్టులే కదా అని తడి చేతులు పెట్టేవారు విద్యార్థుల్లో తప్పక ఉంటారు.

క్షారమిత్ర (శుక్రవారం రాత్రి)

0.8 ఆంపియర్ల దగ్గర గంటకు సుమారు మూడో వంతు లీటరు హైడ్రోజన్ వస్తుంది. కిటికీలు తెరిచిన గదిలో ఇది లెక్కలోకి రాదు. కాని మూసిన ఇంక్యుబేటరులోనో, బల్ల కింద బీరువాలోనో పెడితే గాలిలో 4 శాతం చేరినప్పటి నుంచి అది అంటుకోగలదు, ఇంక్యుబేటరు రిలే నుంచి వచ్చే నిప్పురవ్వ చాలు. ఉష్ణోగ్రత నిలకడ కోసం పెట్టెను ఇంక్యుబేటరులో పెట్టే అలవాటు కొన్ని చోట్ల చూశాను, అది వద్దు. ఫ్యూమ్ హుడ్ ఉంటే మంచిదే, లేకపోతే గాలి ఆడే బల్ల సరిపోతుంది. ఫిక్సేషన్ ద్రావణాలు మాత్రం హుడ్‌లోనే.

కరెంటు పెట్టే ముందు ముక్కలను ఒక రోజు బఫర్‌లో ఉంచి, ఒకటి రెండుసార్లు ఆ బఫర్ మార్చారా? లేకపోతే ముక్కలోని పీబీఎస్ (ఉప్పు కలిసిన ఫాస్ఫేటు బఫర్) ఉప్పు నుంచి క్లోరైడు ఆనోడుకు చేరి క్లోరిన్‌గా మారుతుంది, అది కణజాలాన్ని ఆక్సీకరణ చేస్తుంది. జెల్‌లో చేరని ఫార్మాల్డిహైడూ మోనోమరూ కూడా ఆ కడుగులోనే పోతాయి.

యలహంక_కణజాలం (బుధవారం ఉదయం)

కడిగాము సార్. ఇప్పుడు ముక్కలను ఎస్‌డీఎస్ నుంచి తీసి పీబీఎస్‌లో వేశాము. కరెంటు పెట్టిన ముక్కల అంచులు చక్కగా తేరాయి, గోధుమరంగు రక్తనాళాల వెంట తప్ప ఎక్కడా లేదు. కాని పీబీఎస్‌లో వేసిన కొంతసేపటికి ముక్కలన్నీ మళ్లీ పాలలాగా తెల్లబడ్డాయి, కొంచెం ఉబ్బి కూడా ఉన్నాయి. పని చెడినట్లేనా?

కాంతిపథం (బుధవారం మధ్యాహ్నం)

చెడలేదు, ఇది ఊహించదగినదే. నీటి వక్రీభవన గుణకం 1.33, జెల్‌లో మిగిలిన ప్రొటీన్లది దానికన్నా బాగా ఎక్కువ. ఆ తేడా ఉన్నంతకాలం కాంతి చెదురుతూనే ఉంటుంది, కొవ్వు పోయినా సరే. ముక్కను గుణకం కలిసే ద్రవంలోకి మార్చినప్పుడే అసలు పారదర్శకత తెలుస్తుంది. అయితే దానికి ముందు ఎస్‌డీఎస్‌ను పూర్తిగా కడగాలి. పీబీఎస్‌లోని కొద్దిపాటి పొటాషియం కూడా ముక్కలో మిగిలిన ఎస్‌డీఎస్‌తో మడ్డి కట్టి తెల్లదనాన్ని పెంచుతుంది. 0.1 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంటు కలిపిన సోడియం బోరేటు బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర, మారుస్తూ ఒకటి రెండు రోజులు కడగండి.

తరువాత 85 శాతం గ్లిసరాల్. దాని గుణకం సుమారు 1.45, ఈ పని కోసం అమ్మే ఖరీదైన ద్రవాలకు దగ్గరలోనే ఉంటుంది. మొదట 50 శాతంలో, తరువాత 85లో వేయండి, ఒక్కసారిగా వేస్తే ముక్క వంకరపోతుంది. ఉబ్బు కూడా గ్లిసరాల్‌లో చాలావరకు తగ్గుతుంది. ముక్క కింద అచ్చు కాగితం పెట్టి అక్షరాలు చదవగలుగుతున్నామా అని చూడటం పాత పరీక్షే అయినా, గళ్ల కాగితం పెట్టి ఒకే వెలుతురులో ఫోటో తీస్తే ముక్కలను పోల్చడం సులువు.

యలహంక_కణజాలం (శనివారం)

గ్లిసరాల్‌లో వేశాక ఫలితం ఇది. కరెంటు పెట్టిన ముక్కల్లో బూడిదరంగు భాగం గుండా గళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. తెల్లని నరాల కట్టలు దట్టంగా ఉన్న నడిభాగంలో ఇంకా మబ్బు ఉంది. కరెంటు లేని ముక్కలో బూడిదరంగు భాగం ఇంచుమించు అంతే తేరింది, నడిభాగం మాత్రం పూర్తిగా తెల్లగా ఉండిపోయింది. అంటే నెమ్మదే నయం గారు సగం గెలిచినట్లే.

నెమ్మదే_నయం (శనివారం)

సగం చాలు. మేక మెదడులో మైలిన్ పూత ఉన్న నరాల కట్టలు మందంగా ఉంటాయి, కొవ్వంతా ఎక్కువగా అక్కడే. అదే క్షేత్రంలో మరికొంతకాలం ఉంచితే మబ్బు తగ్గుతుంది. లేదా తరువాతి విడతలో ఆ భాగాన్ని 1 మిల్లీమీటరు మందంతో కోయండి. దుకాణంలో మెదడు కొన్న వెంటనే అక్కడే ఫిక్సేటివ్‌లో వేసుకుని రండి, ఇంటికి చేరేదాకా ఆగితే నడిభాగానికి ఫార్మాల్డిహైడ్ చేరేలోగా కణజాలం చెడటం మొదలవుతుంది. మూత గట్టిగా బిగుసుకునే డబ్బా తీసుకువెళ్లాలి సుమా, ఆటోలో ఒలికితే డ్రైవరు మిమ్మల్ని దింపేస్తాడు.

యలహంక_కణజాలం (శనివారం రాత్రి)

తప్పకుండా. చివరగా ఒక చిన్న ప్రశ్న పీణ్యా వారికి. ప్లాటినం జాలీ మీద సన్నని పసుపు పొర కనబడుతోంది. ఉప్పు కాగితంతో రుద్దవచ్చా?

పీణ్యా_లేత్ (ఆదివారం ఉదయం)

వద్దు, రుద్దితే పూత లేచిపోయి కింది టైటానియం బయటపడుతుంది, ఆ జాలీ ఇక ఆనోడుగా పనికిరాదు. గోరువెచ్చని శుద్ధజలంలో రాత్రంతా నానబెట్టి, మెత్తని బ్రష్షుతో ఒకసారి తాకించి, ఆరబెట్టి విడిగా ఉంచండి. అదే కరెంటు దగ్గర వోల్టేజీ మునుపటికన్నా పెరుగుతూ పోతే అప్పుడు జాలీ మార్చాలి, అంతవరకు ఆ పసుపును పట్టించుకోనక్కరలేదు.